సోమవారం అర్జీ పెడదాం: బడి ముందు మలుపు, కాలవ పలకలు, ఇంకా ఏమేం రాయాలి?

తోటపాలెం టీచరు | రాత్రి 8:40

అందరికీ నమస్కారం. వచ్చే సోమవారం విజయనగరం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు (పాత స్పందనే) మా వీధి వాళ్లం కలిసి వెళ్దామనుకుంటున్నాం. విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చింది. అర్జీలో ఏమేం రాయాలో సలహా ఇవ్వండి.

అసలు సమస్య ఇదీ. బడి గేటు దాటగానే రోడ్డు కుడివైపు తిరుగుతుంది. ఆ మలుపులోనే ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని ఆనుకుని కానుగ చెట్టు, చెట్టు కింద కొబ్బరిబొండాల బండి. అటు నుంచి వచ్చే బండి గేటు దగ్గర నిలబడ్డ పిల్లకి కనపడదు. పిల్ల బండివాడికి కనపడదు. పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా ఆటోలు, స్కూటీలు, ట్యూషన్ నుంచి దూసుకొచ్చే ఇంటర్ కుర్రాళ్లు. ఎదురుగా కాలవ మీద పలక విరిగింది. ఎవరో పుణ్యాత్ములు అందులో వేపకొమ్మ గుచ్చి ఎర్ర గుడ్డ కట్టారు. ఆ కొమ్మ ఎండి రాలిపోయింది, ఇప్పుడు ఇంకో కొమ్మ వచ్చింది. పలక మాత్రం రాలేదు.

ఇప్పటికి నేను రాసుకున్నవి: స్పీడ్ బ్రేకర్లు, సిగ్నల్, సీసీ కెమెరాలు, ఫుట్‌పాత్, వీధి దీపాలు, పశువుల బెడద, కాలవ పలకలు, రోడ్డు వెడల్పు, చెత్త బండి టైము. ఇంకేమైనా కలపాలా?

కంటోన్మెంట్ కుర్రోడు | రాత్రి 8:52

ఒక ఫ్లైఓవర్ కూడా రాసేయండి మేడమ్, పోయేదేముంది 😀

కొత్తపేట కోడలు | రాత్రి 9:05

వెటకారం తర్వాత బాబూ. టీచరు గారూ, రోడ్డు ఎత్తు సంగతి కూడా రాయండి. మాకు అదే పెద్ద తలనొప్పి. మా అత్తగారు కాపురానికి వచ్చినప్పుడు మూడు మెట్లు ఎక్కి ఇంట్లోకి వెళ్లేవారట. ఇప్పుడు మేము ఒక మెట్టు దిగి వెళ్తున్నాం. ఇల్లు కుంగలేదు, రోడ్డే లేచింది. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త తారు వేస్తూ పోయారు. వాన పడితే కాలవలోకి పోవాల్సిన నీళ్లు మా వరండాలోకి వస్తాయి. తుపాను అంటే టీవీ చూడం, గుమ్మానికి ఇసక బస్తాలు వేసుకుంటాం.

రిటైర్డ్ డీఈ | రాత్రి 9:31

టీచరమ్మా, ఇంజనీరు ఉద్యోగంలో ఇలాంటి అర్జీలు కట్టలకొద్దీ చూశాను కాబట్టి చెప్తున్నా. తొమ్మిది కోరికలతో వచ్చిన కాగితానికి తొమ్మిది జవాబులు రావు. ఒక్కటే వస్తుంది: "సంబంధిత శాఖలకు పంపడమైనది." ఎందుకంటే మీరు రాసిన తొమ్మిదీ ఒక ఆఫీసువి కావు.

ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చండి. మన ఊళ్లో రోడ్లన్నీ కార్పొరేషన్‌వి అనుకుంటారు. సాలూరు, గజపతినగరం మీదుగా వచ్చి మన ఊరు దాటి నాతవలస దగ్గర 16వ నంబరు హైవేలో కలిసేది 26వ జాతీయ రహదారి. పాతవాళ్లు ఇప్పటికీ 43 అంటారు. దాని లెక్క వేరు. కొన్ని రోడ్లు ఆర్ అండ్ బీవి (రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ). వీధులు, కాలనీ రోడ్లు కార్పొరేషన్‌వి. ఊరి బయట అయితే కిలోమీటరు రాయి తల చూస్తే చాలు, పసుపు అయితే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి. ఊళ్లో ఆ రాళ్లు తారులో కూరుకుపోయి ఉంటాయి కాబట్టి వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడగండి, చెప్తారు. పలక, వీధి దీపం లాంటివి ఎమినిటీస్ సెక్రటరీ పని.

ఇక సిగ్నల్ అడగొద్దు. రెండు వీధులు కలిసే మలుపుకి సిగ్నల్ ఎవరూ ఇవ్వరు. అది చూడగానే మిగతా కాగితం కూడా పక్కన పెట్టేస్తారు.

తోటపాలెం టీచరు | రాత్రి 9:40

అది కార్పొరేషన్ రోడ్డే గురువు గారూ. మరి స్పీడ్ బ్రేకర్ అయినా అడగొచ్చా?

దాసన్నపేట ఆటో | రాత్రి 9:48

అమ్మా, స్పీడ్ బ్రేకర్ అంటే నాకు భయం. మా అడ్డా దగ్గర ఒక స్లాబు పని అయ్యాక మిగిలిన కాంక్రీటు తెచ్చి రాత్రికి రాత్రి ఒక గుట్ట పోసేశారు. ఎవరు పోశారో తెలీదు. అందులో ఇనప చువ్వ ముక్క కూడా పైకి తేలింది. సైలెన్సరు గీరుకుంటోంది, వెనక సీటులో ముసలాళ్లు ఉంటే "నడుం పోయింది నాయనా" అని తిట్లు నాకు. ఒకసారి నిండు చూలాలిని ఘోషా ఆస్పత్రికి తీసుకెళ్తూ ఆ గుట్ట దగ్గర దిగి నడిపించాల్సి వచ్చింది. వేస్తే సరిగ్గా వేయమనండి, లేదా మానేయమనండి.

రిటైర్డ్ డీఈ | రాత్రి 10:10

తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దానికి కొలతలున్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) 99వ నంబరు మార్గదర్శకాల ప్రకారం గుండ్రటి హంప్ అయితే వెడల్పు 3.7 మీటర్లు, మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు. అంటే దాదాపు ఒక చిన్న కారు పొడుగునా మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తే నడుముకి ఏమీ కాదు, 40తో వెళ్తే తెలుస్తుంది. ముందు హెచ్చరిక బోర్డు, మీద రాత్రి మెరిసే చారలు తప్పనిసరి. మన వీధుల్లో కనిపించేవి అడుగు వెడల్పు గట్లు. అవి బ్రేకర్లే, కాకపోతే నడుం బ్రేకర్లు.

జాతీయ రహదారి మీద అయితే అసలు అడగొద్దు. అక్కడ స్పీడ్ బ్రేకర్లు వేయకూడదన్నది కేంద్రం విధానం. మీది వీధి రోడ్డు కాబట్టి అడగొచ్చు. అడిగేటప్పుడు "స్పీడ్ బ్రేకర్ కావాలి" అని వదిలేయకండి. "ఐఆర్‌సీ 99 ప్రకారం, 3.7 మీటర్ల వెడల్పుతో, పెయింటుతో సహా" అని రాయండి. అలా రాసి ఉంటే, రేపు అడ్డదిడ్డంగా పోసిపోతే అడిగే నోరు మీకుంటుంది.

అసలు మీ సమస్య వేగం ఒక్కటే కాదు, చూపు. 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి, డ్రైవరు చూసి, తేరుకుని, బ్రేకు వేసి ఆగడానికి 45 మీటర్లు కావాలని లెక్క. 25తో వస్తే 25 మీటర్లు చాలు. గేటు దగ్గర ఒకరు నిలబడండి. ఇంకొకరు మలుపు వైపు నుంచి, స్కూటరు మీద కూర్చున్నంత ఎత్తులో కళ్లు పెట్టుకుని వెనక్కి నడవండి. గేటు దగ్గర మనిషి ఎక్కడ మాయమవుతాడో అక్కడ సుద్దతో గీత గీసి టేపుతో కొలవండి. ఆ ఒక్క అంకె మీ అర్జీకి ప్రాణం.

కంటోన్మెంట్ కుర్రోడు | రాత్రి 10:16

సార్ ఇది సూపర్. నిజంగా. నా ఫ్లైఓవర్ వెనక్కి తీసుకుంటున్నా.

పూల్‌బాగ్ వాకర్ | ఉదయం 5:50

చూపు అంటున్నారు కాబట్టి, కొబ్బరిబొండాల బండి తీయించేస్తే సగం పని అయిపోతుంది కదా? టౌన్ ప్లానింగ్ వాళ్లకి ఒక్క ఫోన్ చాలు.

దాసన్నపేట ఆటో | ఉదయం 6:20

ఒక్క ఫోన్‌తో ఆవిడ పొయ్యి ఆరిపోతుందండి. ఆవిడ నాకు తెలుసు. నీడ కోసం అక్కడ పెట్టుకుంది. మే నెలలో ఎండలో బొండాలు పెట్టుకుని కూర్చోమంటే మీరు కూర్చుంటారేటి?

పూల్‌బాగ్ వాకర్ | ఉదయం 6:31

నేను ఆవిడ మీద కోపంతో అనలేదు. పిల్లల ప్రాణాల సంగతి.

కొత్తపేట కోడలు | ఉదయం 7:15

రెండూ నిజమే. చెట్టుకి అవతలి పక్క జరిపితే? నీడ అటూ ఉంటుంది కదా. పొద్దున్న బడి టైములో నీడ పడమట వైపు పడుతుంది, మలుపు ఏ వైపు ఉందో చూసుకోండి.

తోటపాలెం టీచరు | ఉదయం 7:22

నిజంగానే నీడ అవతలి పక్కే పడుతుంది! గేటు వైపు ఎండ. ఆవిడ గొడుగు కూడా వేసుకుంటుంది పాపం. ఇవాళ బడి వదిలాక మాట్లాడతాను.

లా చదివిన సోంబాబు | ఉదయం 9:02

చట్టం ప్రకారం కూడా అదే మేలు. 2014 వీధి విక్రేతల చట్టం వచ్చాక ఎవరినైనా ఉన్నపళంగా ఎత్తేయడానికి లేదు. సర్వే, గుర్తింపు, నోటీసు, ప్రత్యామ్నాయ స్థలం అన్నీ ఉన్నాయి. ఎక్కడ అమ్మొచ్చు, ఎక్కడ కూడదు అని జోన్లు పెట్టడంలో టౌన్ వెండింగ్ కమిటీ మాట ఉండాలి. ఆ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. అర్జీలో "బండి తొలగించాలి" అని రాస్తే మీరే ఒక తగాదా తెచ్చుకున్నట్టు. "మలుపు నుంచి ఇన్ని మీటర్ల వరకు నిలుపుదల నిషేధం అని గీత గీయాలి, విక్రేతకు పక్కన చోటు చూపాలి" అని రాయండి. అప్పుడు ఆ నిషేధం కార్లకీ ఆటోలకీ కూడా వర్తిస్తుంది. బొండాల బండి జరిగి ఆ చోట్లోకి ఎవరి కారో వచ్చి కూర్చుంటే మీకు ఒరిగేది ఏముంది?

ఇంటర్ కుర్రాళ్ల సంగతి. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 199ఏ సెక్షన్ వచ్చింది. మైనరు బండి నడిపి నేరం చేస్తే కేసు బండి ఇచ్చిన తల్లిదండ్రుల మీద లేదా యజమాని మీద. 25 వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ట్యూషన్ సెంటర్ వాళ్లతో ఈ నాలుగు ముక్కలు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టించండి. పోలీసు నిలబడక్కర్లేదు.

ఎంజీ రోడ్ బట్టల కొట్టు | ఉదయం 10:40

మీ మలుపు బాగుంది గానీ, అసలు ఊరి నడిబొడ్డు గురించి ఒక్కరూ మాట్లాడరేం? గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల కూడలి దాకా సాయంత్రం నడవాలంటే భుజం భుజం రాసుకోవాలి. గంటస్తంభం కట్టింది 1885లో. ఆ రోజుల్లో ఎడ్లబళ్లు, గుర్రబ్బళ్లు తిరగడానికి వేసిన రోడ్లవి. ఇప్పుడు అదే వెడల్పులో కార్లు, ఆటోలు, లోడు దింపే వ్యాన్లు. వన్‌వే పెట్టాలి, పార్కింగ్‌కి చోటు చూపాలి. ఫుట్‌పాత్ అని ఇంకో అడుగు మింగేస్తే మేం కొట్లు మూసుకోవాలి.

కంటోన్మెంట్ కుర్రోడు | ఉదయం 10:47

అన్నా, ఇప్పుడున్న ఫుట్‌పాత్ మీద చీర కట్టుకుని నిలబడి ఉన్న బొమ్మ ఎవరిదన్నా? పండగకి రెండు బొమ్మలయ్యాయి.

ఎంజీ రోడ్ బట్టల కొట్టు | ఉదయం 10:55

పక్క కొట్టువాడు పెట్టాడు కాబట్టి నేనూ పెట్టాను. వాడు తీస్తే నేనూ తీస్తా.

పూల్‌బాగ్ వాకర్ | ఉదయం 11:08

విజయనగరం మొత్తం ఈ ఒక్క వాక్యం మీదే నడుస్తోంది.

రిటైర్డ్ డీఈ | మధ్యాహ్నం 12:20

కొట్టు బాబూ, ఫుట్‌పాత్ వల్ల బేరాలు పోవు. నడిచేవాడే ఆగి లోపలికి వస్తాడు, బైకు మీద పోయేవాడు రాడు. నిబంధన ప్రకారం అడ్డం లేకుండా నడిచే చోటు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. మనవాళ్లు మోకాలెత్తు గట్టు కట్టి, మధ్యలో కరెంటు స్తంభం పెట్టి, దాన్ని ఫుట్‌పాత్ అంటారు. ముసలాళ్లు ఎక్కలేరు, రోడ్డు మీదే నడుస్తారు. అప్పుడు మీరంతా "ఫుట్‌పాత్ కట్టినా ఎవరూ నడవరండీ" అంటారు.

స్తంభాల మాట వచ్చింది కాబట్టి: రోడ్డు వెడల్పు అడిగేవాళ్లు స్తంభాలు జరపడం కూడా అదే కాగితంలో అడగాలి. అది విద్యుత్ పంపిణీ సంస్థ డిపాజిట్ వర్క్ కింద చేస్తుంది. రోడ్డు ఎవరిదో వాళ్లు ముందు డబ్బు కట్టాలి. ఆ ముక్క ఎస్టిమేట్‌లో లేకపోతే రోడ్డు వెడల్పవుతుంది, స్తంభం నడిరోడ్డు మీద ఒంటరిగా మిగిలిపోతుంది. చూశారుగా ఎన్నిచోట్ల!

వన్‌వే, పార్కింగ్ మాత్రం వేరే అర్జీ. దీంట్లో కలపకండి.

ఇజీనగరం అబ్బాయి, బెంగళూరు | మధ్యాహ్నం 1:15

ఇక్కడ జంక్షన్లలో పెద్ద పెద్ద ఐలాండ్‌లు, ఫౌంటెన్లు పెట్టారు, చాలా అందంగా ఉంటాయి. మనకీ ప్రతి కూడలిలో ఒకటి అడిగితే?

కొత్తపేట కోడలు | మధ్యాహ్నం 1:30

బాబూ, ఉన్న అందం కాపాడుకుంటే చాలు. 2020లో మూడు లాంతర్ల పాత కట్టడం కూల్చినప్పుడు ఊళ్లో ఎంత గొడవైందో మర్చిపోయావా? ఫౌంటెన్ పెడితే నాలుగు నెలలు నీళ్లు, తర్వాత దోమలు. చీకట్లో వెలగని దీపం ఒకటి వెలిగేలా చెయ్యమను, అదే నాకు ఫౌంటెను.

రిటైర్డ్ డీఈ | మధ్యాహ్నం 1:52

పైగా చిన్న కూడలిలో పెద్ద దిమ్మె కడితే ఎదుటి బండి కనపడదు. మళ్లీ చూపు దగ్గరికే వచ్చాం.

బొబ్బిలి బస్సు | మధ్యాహ్నం 2:40

నేను రోజూ బొబ్బిలి నుంచి వచ్చి కాంప్లెక్స్ దగ్గర దిగుతాను. నాదొక సందేహం. మా దారిలో ఒక మలుపు దగ్గర బైకులు తరచూ పడుతుంటాయి. మేం అడిగితే "అది బ్లాక్ స్పాట్ లిస్టులో లేదు" అన్నారు. లిస్టులోకి ఎలా ఎక్కుతుంది? ఎవరైనా చచ్చిపోవాలా?

లా చదివిన సోంబాబు | మధ్యాహ్నం 3:25

చేదు నిజం చెప్పాలంటే దాదాపు అంతే. కేంద్ర రవాణా శాఖ నిర్వచనం ప్రకారం, సుమారు 500 మీటర్ల రోడ్డు ముక్కలో మూడేళ్లలో మరణం లేదా తీవ్ర గాయాలున్న ప్రమాదాలు 5 జరగాలి, లేదా మరణాలు 10 కావాలి. అది జాతీయ రహదారుల కోసం పెట్టిన కొలత. కానీ అందరూ దాన్నే పట్టుకుంటారు.

అందుకే ఒక మాట. మనవాళ్లు పడిపోతే లేచి దులుపుకుని, అవతలివాడితో ఐదొందలకో వెయ్యికో రాజీపడి వెళ్లిపోతారు. కాలు విరిగినా కేసు ఉండదు. కేసు లేకపోతే కాగితం మీద ఆ మలుపులో ఏమీ జరగనట్టే. ఇప్పుడు పోలీసులు ప్రమాదాలను ఐరాడ్ యాప్‌లో ఆ చోటు మ్యాప్ మీద పడేలా నమోదు చేస్తున్నారు. కాబట్టి గాయమైతే స్టేషన్‌లో చెప్పండి. సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామన్న భయం వద్దు. మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ ప్రకారం గాయపడినవాణ్ని ఆస్పత్రికి చేర్చినవాళ్లు పేరు, ఫోన్ నంబరు కూడా ఇవ్వక్కర్లేదు.

ఇంకోటి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది, కలెక్టరు గారు అధ్యక్షులు. పోలీసు, రవాణా, ఆర్ అండ్ బీ, మున్సిపల్ వాళ్లంతా ఒకే గదిలో కూర్చునే చోటు అదొక్కటే. "నాది కాదు, వాళ్లది" అనడం అక్కడ కొంచెం కష్టం. మీ అర్జీ ఆ కమిటీ అజెండాలో పెట్టమని చివరి వాక్యంగా రాయండి.

దాసన్నపేట ఆటో | సాయంత్రం 4:10

మా ఆటోల గురించి ఎవరూ అడగలేదు, నేనే చెప్తున్నా. మూలమీద ఆపుతామని తిడతారు. ప్యాసింజరు మూల మీదే చెయ్యెత్తుతాడు, పది గజాలు ముందుకెళ్తే వెనకాలోడు ఎక్కించుకుంటాడు. మాకొక స్టాండు గీసి ఇవ్వండి, బోర్డు పెట్టండి, అప్పుడు మూల మీద ఆపినోడికి చలానా వేయండి. మేమే పట్టిస్తాం.

తోటపాలెం టీచరు | సాయంత్రం 5:35

బొండాలావిడతో మాట్లాడాను. "నన్నెవరూ అడగలేదమ్మా, బండి చక్రం కాలవ పలక మీద నిలవదని ఇటు పెట్టాను" అంది! ఆ విరిగిన పలకే. పలక వేస్తే అటు జరుగుతానంది. అంటే పలక పడితే బండి జరుగుతుంది, బండి జరిగితే గేటు కనపడుతుంది.

కంటోన్మెంట్ కుర్రోడు | సాయంత్రం 5:41

మొత్తం కథ ఒక పలక దగ్గర ఆగింది 🙏

పూల్‌బాగ్ వాకర్ | సాయంత్రం 6:05

ఇంకో ఉపాయం. పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా తర్వాత మంగళవారం. ముందు రోజు తొలేళ్లు. లక్షల్లో జనం వస్తారు, అందుకని ఆ ముందు నెలల్లో గుంతలు పూడ్చే పనులు, దీపాల పనులు మొదలవుతాయి. అమ్మవారి గుడి నుంచి కోట దాకా సిరిమాను తిరిగే దారికే ఎక్కువ చూస్తారు, అది సహజం. కానీ ఆ పనుల లిస్టు తయారయ్యే సమయంలోనే మనం పలకలు, దీపాలు అడిగితే అదే టెండరులో కలిపే అవకాశం ఉంటుంది. పైడితల్లమ్మ పేరు చెప్తే కాదనేవాళ్లు తక్కువ.

కొత్తపేట కోడలు | సాయంత్రం 6:12

పూడ్చండి గానీ, మా వీధిలో పాత తారు గీకి వేయమని ఒక ముక్క చేర్చండి తల్లీ. ఇంకో పొర పడితే మేం కిటికీలోంచి దిగాలి.

రిటైర్డ్ డీఈ | సాయంత్రం 6:50

అమ్మా, మీది వేరే అర్జీగా రాసుకోండి, నేను సాయం చేస్తా. పాత తారు గీకడాన్ని మిల్లింగ్ అని రాయాలి, గుమ్మం మట్టానికీ రోడ్డు మట్టానికీ తేడా ఎంతో ఫోటోలో స్కేలు పెట్టి చూపించాలి. టీచరమ్మా, మీ కాగితం ముసాయిదా ఇదిగో. ఖాళీలు మీరు పూరించండి.

"అయ్యా, మా వీధిలో బడి గేటు వద్ద మలుపు ఉంది. గేటు నుంచి ఎదురు బండి కనిపించే దూరం ____ మీటర్లు మాత్రమే. 40 కి.మీ. వేగానికి 45 మీటర్లు అవసరం. కావున (1) మలుపు పక్కన విరిగిన కాలవ పలక స్థానంలో కొత్త పలక, (2) మలుపుకి రెండు వైపులా ____ మీటర్ల మేర వాహనాలు ఆపరాదని గీతలు, బోర్డు, (3) మలుపుకి ముందు ఐఆర్‌సీ 99 ప్రకారం 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు హంప్, పెయింటు మరియు హెచ్చరిక బోర్డు, (4) మలుపు దాటాక ఆటో స్టాండు గుర్తింపు కోరుతున్నాము. ఒకటి, మూడు పనులు కార్పొరేషన్ ఇంజనీరింగ్ విభాగానికి, రెండు, నాలుగు ట్రాఫిక్ పోలీసు వారికి సంబంధించినవి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీ దృష్టికి తీసుకువెళ్లగలరు."

ఇంతే. అరపేజీ. ఫోటోలు రెండు చాలు: ఒకటి గేటు దగ్గర నుంచి, ఒకటి బండి నడిపేవాడి వైపు నుంచి.

తోటపాలెం టీచరు | రాత్రి 7:20

ధన్యవాదాలు గురువు గారూ. సీసీ కెమెరా, పశువులు, చెత్త బండి అన్నీ కొట్టేశాను. మా వీధిలో కొందరు అలుగుతారు, చూద్దాం.

లా చదివిన సోంబాబు | రాత్రి 7:34

రెండు కాపీలు పట్టుకెళ్లండి, ఒకదాని మీద స్వీకరించినట్టు ముద్ర వేయించుకోండి. ఫోన్‌కి వచ్చే అర్జీ నంబరు ఇక్కడ పెట్టండి. "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చి పలక అలాగే ఉంటే, అర్జీ మళ్లీ తెరవమని అడగండి. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు కింద ఎస్టిమేట్ కాపీ అడుగుదాం, 30 రోజుల్లో ఇవ్వాలి. డివిజన్ నంబరు, సచివాలయం పేరు పైన రాయడం మర్చిపోకండి.

దాసన్నపేట ఆటో | రాత్రి 7:50

సోమవారం కలెక్టరేట్‌కి నా ఆటోలో రండి అమ్మా. పోయేటప్పుడు ఫ్రీ. వచ్చేటప్పుడు ఇవ్వండి.

తోటపాలెం టీచరు | రాత్రి 7:58

రెండుసార్లూ ఇస్తాం బాబూ. ఆదివారం పొద్దున్న కొలుద్దాం, బడి లేదు కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంటుంది. పొడుగు టేపు ఎవరి దగ్గరైనా ఉందా? నా దగ్గర కుట్టుపని టేపు తప్ప లేదు.

ఎంజీ రోడ్ బట్టల కొట్టు | రాత్రి 8:15

మా కొట్టు మేడ కట్టినప్పటి ముప్పై మీటర్ల టేపు ఉంది, తెస్తాను. బొమ్మ కూడా లోపల పెట్టించాను, పక్కవాడికి చెప్పండి.